రెండో పేరు

చిన్నకోటయ్య రాయి మీద చెంబెడు నీళ్లు చల్లాడు. వేలి కణుపుతో రెండు చోట్ల తట్టి, చెవి వంచి విన్నాడు. ఖంగుమని మోగితే అది మంచి రాయి, కుడివైపు దొంతిలోకి వెళుతుంది. మోగకుండా మొద్దుగా పలికితే లోపలెక్కడో బీట ఉన్నట్టు, ఎడమవైపు చేరుతుంది. ఈ నాపరాళ్ల యార్డులో చేరినప్పటి నుంచీ పొద్దున్నే అతను చేసే పని ఇదే. ఇవాళ కోర్టుకు వెళ్లాల్సిన రోజు. అయినా చీకటి విడవకముందే లేచి, ఏమీ జరగనట్టు వచ్చి రాళ్ల ముందు కూర్చున్నాడు.

అతని భార్య మంగమ్మ గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. రాత్రంతా ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఈ మహానుభావుడు మాత్రం రాళ్లతో ముచ్చట్లు పెట్టుకున్నాడు.

“ఏందయ్యా, ఇయ్యాల గూడానా? బస్సు టయానికి పోవద్దా?”

“లారీ వచ్చిద్దంట గదే. ఈ దొంతి అవనీ.”

“నువ్వు లేకపోతే లారీ రాదా ఏంది? సరే, చెప్పు. కోర్టులో జడ్జి అమ్మగారు అడిగిద్ది. ఏమంటావు?”

“కాదంటా.”

“ఏంది కాదు?”

“నాది కాదంటా.”

“ఆఁ. ఆ మాట మీదే ఉండు.”

కోర్టు నుంచి కబురు వచ్చిన రోజు మొదలు ఈ పాఠం నడుస్తోంది. అన్నం పెడుతూ అడుగుతుంది, నీళ్లు తోడుతూ అడుగుతుంది. ప్రతిసారీ కాదంటాననే అంటాడు. కానీ అనేటప్పుడు ఆమె మొహంలోకి చూడడు. మంగమ్మకు భయమంతా అక్కడే.

చిన్నకోటయ్య పొట్టి మనిషి. రాతిదుమ్ము కనుబొమల్లోకీ చెవుల మలుపుల్లోకీ ఇంకిపోయి, ఎంత రుద్దినా పూర్తిగా పోదు. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో రాయి కింద పడి నల్లబడింది, మళ్లీ తెల్లగా మొలవలేదు. నడిచేటప్పుడు ఎవరైనా ఎదురొస్తే రోడ్డు ఎంత వెడల్పున్నా తనే పక్కకు దిగుతాడు. ‘నాదేలే’ అనే మాట అతని నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. యార్డులో రాయి పగిలి మేస్త్రి ఎవడ్రా అది అని అరిస్తే, పగలగొట్టినవాడు నోరు విప్పేలోపే “నాదేలే అయ్యా, చెయ్యి జారింది” అనేస్తాడు. తమ పెళ్లిలో ఎవరి చెప్పులో పోయాయని గొడవైతే, పెళ్లికొడుకై ఉండి కూడా తన కొత్త చెప్పులు విప్పి ఇచ్చి, నేనే పొరపాటున తొక్కుకొచ్చి ఉంటానన్నాడు. ఆ కథ చెప్పి మంగమ్మ ఎన్నిసార్లు నవ్విందో లెక్కలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఎందుకంటే ఈసారి అతని మీద పడింది పగిలిన రాయి కాదు, గంజాయి.

యార్డు యజమాని త్రికోటేశ్వరరావు కొడుకు చరణ్ నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆదివారాలు స్నేహితులను వెంటేసుకుని బైకుల మీద వచ్చి, మంగమ్మా వాళ్లుండే గది వెనక నీడలో కూర్చునేవాడు. ఒక ఆదివారం వెళ్లిపోతూ సంచి ఒకటి మంచం మీద పెట్టి, “మంగమ్మత్తా, మళ్లీ వచ్చి తీసుకుంటా” అన్నాడు. బట్టలనుకుంది ఆమె. ఎలుకలు కొరుకుతాయని తనే ఎత్తి సజ్జ మీద పెట్టింది. ఎండిన ఆకు వాసన వచ్చిన మాట నిజమే. కాలేజీ పిల్లల బట్టలు ఏ వాసన వేస్తాయో ఆమెకేం తెలుసు?

పోలీసులు వచ్చినప్పుడు ఆమె నీళ్ల డబ్బా తేవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి జీపు వెళ్లిపోయింది, అందులో చిన్నకోటయ్య కూడా. సంచిలో ఉన్నది కిలోకు లోపేనట. అందుకే స్టేషన్లో నోటీసిచ్చి సాయంత్రానికి వదిలిపెట్టారు. వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

“ఏమడిగారయ్యా?”

“ఎవురిదన్నారు. నాదన్నా.”

అంతే. ఆ తర్వాత ఎంత గుచ్చి అడిగినా ఇంకో ముక్క బయటకు రాలేదు.

మర్నాడు త్రికోటేశ్వరరావు స్వయంగా వచ్చి, గది ముందు కుర్చీ వేయించుకున్నాడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. కష్టానికి సుఖానికి ఆదుకున్నవాడే. కానీ కొడుకు విషయం వచ్చేసరికి ఆయన కళ్లు నేలను వెతుక్కున్నాయి. “ఏం గాదు చిన్నకోటయ్యా. పేకాట కేసులు చూళ్లేదా, కోడిపందేల కేసులు చూళ్లేదా? పొద్దున పోయి ఒప్పుకుంటే మజ్జాన్నానికి ఇంటికొస్తారు. ఇదీ అంతే. జరిమానా నేను గడతా, లాయర్ని నేను పెడతా. పిల్లోడికి ఉద్యోగం వచ్చే టయం, వాడి పేరు మాత్రం రానీయకు” అన్నాడు. చిన్నకోటయ్య తలాడించాడు. మంగమ్మకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలోనే ఆమె ఎన్నడూ చేయని పని చేసింది. తనతో పాటు రాళ్లు మోసే జైనాబ్ బీ, తన మరిది కేసులో గవర్నమెంటు లాయరును పైసా తీసుకోకుండా ఇచ్చారని చెప్పింది. మంగమ్మ మొగుడికి కూడా చెప్పకుండా గురజాల బస్సెక్కి, కోర్టు ఆవరణలో కనిపించినవాళ్లనల్లా అడుగుతూ న్యాయ సేవల ఆఫీసు పట్టుకుంది. అక్కడ వాళ్లు ఇంద్రజ అనే లాయరమ్మను ఇచ్చారు. చిన్న వయసు, కళ్లద్దాలు, మాటలో తొందర లేదు. త్రికోటేశ్వరరావు పెట్టిన లాయరు వద్దని, ఈమె చాలని మంగమ్మే తెగేసి చెప్పింది. చిన్నకోటయ్య దానికీ తలాడించాడు.

ఇంద్రజ కాగితాలన్నీ చదివి, ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. “ఇది పేకాట కేసు కాదమ్మా. గంజాయి కిలోలోపు దొరికితే ఏడాది దాకా జైలు వేయొచ్చు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటితే పదేళ్ల దాకా పోతుంది. ఇరవై కిలోలకు పోతే పదేళ్లకు తక్కువే ఉండదు. మీది కిలోలోపే, అదొక్కటే నయం. కానీ ఒప్పుకున్నాక జరిమానాతో వదలాలా, జైలుకు పంపాలా అన్నది పూర్తిగా జడ్జి గారి చేతిలో పని. మీ యజమాని చెప్పినట్టు ఖాయంగా జరిమానాతో పోతుందని ఎవరూ చెప్పలేరు.”

“మరేం జెయ్యాల తల్లీ?” అంది మంగమ్మ.

“కాదనాలి. సోదా కళ్లారా చూశామని మధ్యవర్తులుగా సంతకాలు పెట్టిన ఇద్దరూ మీ గది గడప తొక్కలేదు. స్టేషన్లో కూర్చుని పెట్టారు. వాళ్లను బోనెక్కించి అడిగితే కేసు నిలబడదు. చిన్నకోటయ్య గారూ, ఎవరిదో మీరు చెప్పక్కర్లేదు. నాది కాదు అంటే చాలు.”

అప్పుడు చిన్నకోటయ్య మొదటిసారి నోరు విప్పాడు. “నాది కాదంటే మరి ఎవురో ఒకరిది అవ్వాల గదమ్మా.”

“అవ్వక్కర్లేదు. ఎవరిదో తేల్చడం పోలీసుల పని. తేల్చలేకపోతే కేసు కొట్టేస్తారు.”

“అట్టా ఖాళీగా వదిలేత్తారా?” అన్నాడు చిన్నకోటయ్య. లాయరమ్మ మాట అతనికి నమ్మబుద్ధి కాలేదని మొహంలోనే తెలిసింది.

ఇవాళ కోర్టుకు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని మంగమ్మ ఆ మాటే తలుచుకుంటోంది. ఈ ఖాళీ భయం అతనికి ఎక్కడిదో ఆమెకు తెలుసు. అతను వయసులో ఉన్నప్పటి సంగతి. వాళ్ల ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకుంటే ఒకతని కాలు విరిగింది. ముద్దాయిలుగా ఎనిమిది మందిని చూపించాలన్నారు. వర్గం పెద్దలు వసారాలో కూర్చుని పేర్లు సర్దారు. కొట్టినవాళ్లు కొందరు, కొట్టనివాళ్లు కొందరు. తమ వర్గం మనిషైతే చాలు. చిన్నకోటయ్య అన్న పేరు కూడా రాశారు. ఆ రోజు నేను ఊళ్లోనే లేనని అన్న అడ్డం తిరిగాడు. నిజంగానే లేడు. సరేలెమ్మని అతని పేరు కొట్టేశారు. లెక్క తగ్గింది కదా, ఆ ఖాళీలో వాళ్ల నాన్న పేరు రాశారు. ముసలాయన జైలుకు వెళ్లి, దగ్గుతో బయటకొచ్చి, ఆ ఏడాది దాటకుండా పోయాడు. ఎవరు ఎన్ని చెప్పినా చిన్నకోటయ్య బుర్రలో మాత్రం ఒక్కటే ఉండిపోయింది. అన్న కాదన్నాడు, నాన్న పోయాడు. తర్వాత ఆ ఊళ్లో ఉండలేక మంగమ్మను తీసుకుని ఈ రాళ్లలోకి వచ్చిపడ్డాడు.

ఇప్పుడు తను కాదంటే ఆ ఖాళీలోకి చరణ్ వస్తాడని భయపడుతున్నాడు, అనుకుంది మంగమ్మ. చరణ్ చిన్నప్పుడు యార్డుకు వస్తే దిగనిచ్చేవాడు కాదు, భుజాల మీదే తిప్పేవాడు. పిల్లలు లేని మనిషి. కానీ ఆ పిల్లవాడు ఒక్కసారి వచ్చి ‘మావా, తప్పయింది’ అన్నాడా? ఫోనైనా చేశాడా?

ఆమె పక్కకు తిరిగి చూసింది. చిన్నకోటయ్య మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఒంటి మీద ఉన్నది త్రికోటేశ్వరరావు చొక్కా. కోర్టుకు మాసిన బట్టలతో వెళితే బాగుండదని ఆయన భార్య ధనలక్ష్మి ఇస్త్రీ చేయించి నిన్న పంపించింది. మెడ దగ్గర వదులు, భుజాలు మోచేతుల దాకా జారాయి. ఆ చొక్కా చూసేసరికి మంగమ్మకు దాచుకున్న కోపమంతా పొంగుకొచ్చింది.

“చొక్కాకే అమ్ముడుబోయావంటయ్యా?” అంది.

ముందు సీట్లో ఉన్న ఆవిడ తిరిగి చూసింది. చిన్నకోటయ్య చొక్కా చేతులు మడత పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక మడత, ఇంకో మడత, నిదానంగా, జాగ్రత్తగా. అన్నందుకు ఆమెకే మనసు చివుక్కుమంది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

“ఏమంటావు?” అంది కాసేపాగి.

“కాదంటా.”

గురజాల కోర్టు ముందు అప్పటికే జనం చేరారు. గట్టు తగాదాల వాళ్లు, మనోవర్తి కేసులవాళ్లు, బైకు గుద్దిన కేసులవాళ్లు. ఎవరి భయం వాళ్ల మొహాల మీద ఉంది. ఇంద్రజ నల్లకోటు సర్దుకుంటూ ఎదురొచ్చింది. “ఇవాళ ఒక్క ప్రశ్నే అడుగుతారు. కాదనండి, సాక్షుల విచారణకు ఇంకో తేదీ వేస్తారు. ఇంటికెళ్లిపోతారు, అంతే” అంది. అంతే అనేసరికి మంగమ్మకు కొంచెం ఊపిరి ఆడింది. ఆవరణ చివర త్రికోటేశ్వరరావు కారు ఆగి ఉంది. ఆయన దిగలేదు.

బంట్రోతు గుమ్మంలోకి వచ్చి మూడుసార్లు పిలిచాడు. చిన్నకోటయ్య లోపలికి వెళ్లి బోనులో నిలబడ్డాడు. మంగమ్మ వెనక బెంచీ చివర, సగం కూర్చుని సగం లేచి ఉంది. జడ్జి గారు నడివయసు ఆవిడ, అలసిన మొహం, గొంతులో కరుకుదనం లేదు. కేసు సంగతి తెలుగులో చదివి వినిపించి, తలెత్తింది.

“అర్థమైందా? నేరం ఒప్పుకుంటున్నారా?”

చిన్నకోటయ్య గొంతు సవరించుకున్నాడు. మంగమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“లేదమ్మా. నాది గాదు.”

అన్నాడు! ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లకు ఈ మనిషి నోటి నుంచి ‘నాది కాదు’ అనే మాట విన్నది. జడ్జి గారు తలూపి రాసుకుంటోంది. ఇంద్రజ వెనక్కి తిరిగి మంగమ్మ వైపు చిన్నగా నవ్వింది.

“మీ సాక్షులెవరండీ?” అని జడ్జి గారు సర్కారు లాయరును అడిగింది.

ఆయన లేచి, కాగితం చూసి గడగడా చదివాడు. “మధ్యవర్తులు ఇద్దరు, సబ్ ఇన్‌స్పెక్టర్ గారు, కానిస్టేబుల్ ఒకరు మేడం. సరుకు దొరికిన గది ముద్దాయి, ఆయన భార్య మంగమ్మ, వీళ్లిద్దరి స్వాధీనంలో ఉన్నట్టు...”

తన పేరు ఆ హాల్లో వినపడగానే మంగమ్మ ఉలిక్కిపడింది. అంతకంటే ముందు బోనులో చిన్నకోటయ్య ఉలిక్కిపడ్డాడు. చేతులు రెండూ బోను కర్ర మీద వేసి ముందుకు వంగాడు.

“రాయొద్దమ్మా! అది రాయొద్దు. నాదే. నాదొక్కడిదే.”

ఇంద్రజ చటుక్కున లేచింది. “మేడం, ముద్దాయి బెదిరిపోయారు. కొంచెం టైమివ్వండి, మాట్లాడుకుంటాం.” జడ్జి గారు కలం పక్కన పెట్టి చిన్నకోటయ్యను ఒక నిమిషం చూసింది. “భోజనాల తర్వాత పిలుద్దాం. మీ లాయరుతో మాట్లాడుకోండి. ఎవరికీ భయపడి ఏదీ చెప్పకండి” అంది.

కోర్టు వెనక గోడ పక్కన చిన్నకోటయ్య గొంతుక్కూర్చున్నాడు. మంగమ్మ అతని ముందు నిలబడింది.

“చెప్పావు గదయ్యా. కాదని చెప్పావు. మల్లా ఏందది? ఆ పిల్లోడి కోసమేనా?”

చిన్నకోటయ్య తలెత్తాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

“పిల్లోడి కోసం గాదే. ఆడి పేరు యాడుంది ఆ కాయితంలో? నేను కాదంటే రెండో పేరు నీదేగదే.”

“నాదా?” అంది మంగమ్మ.

“ఆ పొద్దు జీపులో వచ్చినాయన అడిగాడు, ఈ గదిలో ఎవురుంటారని. నేనూ నా పెళ్లామూ అన్నా. అయితే ఇద్దర్నీ రాయమంటావా, ఒకడివి సరిపోతావా అన్నాడు. నేనొక్కణ్ణే అయ్యా అన్నా. నీకు జెబితే నువ్వూరుకుంటావా? నన్నే రాసుకోండని పోయి కూర్చుంటావు. సంచి సజ్జ మీద పెట్టింది గూడా నువ్వే.”

“ఆ మాట ఇంకెక్కడా అనకండి!” అంది ఇంద్రజ గబుక్కున. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

“చూశావా” అన్నాడు చిన్నకోటయ్య భార్యతో. లాయరమ్మే భయపడిందంటే ఇంక అనుమానం ఏముంది?

ఇంద్రజ అతని ఎదురుగా మట్టిలోనే కూర్చుంది. నల్లకోటుకు దుమ్మంటుతుందని చూసుకోలేదు. “అట్లా కాదండీ. చార్జిషీటులో ముద్దాయి మీరొక్కరే. ఇంతమంది ముద్దాయిలు ఉండాలని చట్టంలో లెక్క లేదు. మీరు కాదంటే ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. ఆమెను ఇరికించాలంటే వాళ్లకు సాక్ష్యం కావాలి, అది లేదు.”

“ఆమె పేరు రాయరని నువ్వు రాసిస్తావా తల్లీ?”

లాయరమ్మ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

“రాసివ్వలేను. రేపు ఎవరేం చేస్తారో నేనెట్లా చెప్పగలను? కానీ రాస్తే నేను కొట్లాడతాను. నిలబడనివ్వను. ఆ మాట మాత్రం ఇవ్వగలను.”

చిన్నకోటయ్య మెల్లగా తలాడించాడు. ఆమె చెప్పిన నాలుగు మాటల్లో మొదటి మాటే అతను విన్నాడు. అన్న పేరు కొట్టేసిన రోజున కూడా ఎవరో పెద్దమనిషి, ఏం కాదులే, మేం కొట్లాడతాం అనే ఉంటాడు.

మంగమ్మ అతని పక్కన కూలబడింది. కోపం, సిగ్గు, ప్రేమ అన్నీ కలిసి ఎటు పోవాలో తెలియక చేతుల్లోకి వచ్చాయి. అతని భుజం మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది, ఇంకోటి వేసింది. బస్సులో అన్న మాట గుర్తొచ్చి నోరు మండింది. అమ్ముడుపోయాడనుకుంది ఈ మనిషిని.

“రాయనీయయ్యా. ఇద్దర్నీ రాయనీ. ఇద్దరం కాదందాం. ఇద్దరం పోదాం, అదీ చూద్దాం.”

“నువ్వు ఆడ ఉండలేవే. మా నాయన్ను చూశా గదా.”

“నువ్వుండగలవా?”

“నాకలవాటే” అన్నాడు. ఏది అలవాటో చెప్పలేదు.

ఇంద్రజ ఇంకా చాలాసేపు చెప్పింది. సాక్షుల సంగతి, విచారణ సంగతి, శిక్ష పడితే అది పోలీసు రికార్డుల్లో జీవితాంతం ఉండిపోయే సంగతి. చిన్నకోటయ్య అన్నింటికీ ఊఁ కొట్టాడు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఊఁ కొట్టడం అతనికి మర్యాద. మంగమ్మ తెచ్చిన సద్ది మూట విప్పి అతని చేతిలో ముద్ద పెట్టింది. తిన్నాడు. నీకేదన్నాడు. ఆమె కూడా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం మళ్లీ పిలిచారు. జడ్జి గారు ఈసారి నేరుగా అడిగింది.

“ఎవరైనా ఒప్పుకోమన్నారా మిమ్మల్ని?”

“లేదమ్మా.”

“ఒప్పుకుంటే జైలు శిక్ష కూడా పడొచ్చు. మీ లాయరు చెప్పారా?”

“చెప్పిందమ్మా. చానా మంచిగా చెప్పింది.”

“అయినా ఒప్పుకుంటున్నారా?”

“నాదేనమ్మా. నాదొక్కడిదే. ఇంకెవురికీ తెలవదు.”

మంగమ్మ లేచి నిలబడింది. ‘ఆ సంచి అతనిది కాదు’ అని అరవాలనుకుంది. బోనులోంచి చిన్నకోటయ్య ఆమెనే చూస్తున్నాడు. వద్దని తలూపలేదు, చెయ్యెత్తలేదు, ఉత్తినే చూశాడు. ఇరవై ఏళ్లు ‘నాదేలే’ అని దేనికీ నోరెత్తని మనిషి ఈ ఒక్కటీ నాకివ్వవే అని అడుగుతున్నట్టుంది. ఆమె నోరు తెరుచుకుంది, మాట రాలేదు. అప్పుడు రాని మాట కోసం తర్వాత ఎంత ఏడ్చినా లాభం లేదని ఆ క్షణంలోనే ఆమెకు తెలుసు.

ఇంద్రజ లేచి, ఇతని వయసు చూడండి, ఇంతకుముందు ఏ కేసూ లేదు, జరిమానాతో వదలండి అని వేడుకుంది. సర్కారు లాయరు, కాలేజీ పిల్లలు ఈ మత్తుకు పాడైపోతున్నారని, సరఫరా చేసేవాళ్లను జరిమానాతో వదిలితే ఎట్లాగని అన్నాడు. కాలేజీ పిల్లలు అన్నప్పుడు మంగమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. జడ్జి గారు చాలాసేపు రాసింది. మూడు నెలల కఠిన కారాగారం, జరిమానా.

జరిమానా త్రికోటేశ్వరరావు అప్పటికప్పుడు కట్టేశాడు. మాట నిలబెట్టుకున్నాడు పెద్దమనిషి. గుమ్మం దగ్గర మంగమ్మ కనిపించేసరికి, “అట్టా అయిద్దనుకోలా మంగమ్మా. కార్లో దింపుతా రా” అన్నాడు. ఆమె ఆయన వైపు చూడకుండా పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది. ఇంద్రజ వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. “రాసిస్తానని అబద్ధం చెప్పి ఉండాల్సిందమ్మా” అంది. శిక్ష ఎక్కువని పైకోర్టులో అడగొచ్చని, రేపే కాగితాలు వేస్తానని కూడా అంది. మంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నొక్కి వదిలింది.

ఇవాళ్టికి సబ్‌జైలు, రేపో ఎల్లుండో పెద్ద జైలుకు పంపుతారట. కోర్టు కానిస్టేబుల్ చిన్నకోటయ్యను నడిపించుకునే తీసుకెళ్లాడు. బేడీలు వేయలేదు. పారిపోయే మనిషి కాదని చూడగానే తెలుస్తుంది కాబోలు. మంగమ్మ వాళ్ల వెనకే నడిచింది. ఎదురుగా గేదెల మంద వస్తే ఇద్దరు మగవాళ్లూ ఆగారు. చిన్నకోటయ్య అలవాటుగా రోడ్డు దిగి వాటికి దారిచ్చాడు.

సబ్‌జైలు పెద్ద తలుపులో చిన్న తలుపు ఉంది. దాని ముందు అతను వెనక్కి తిరిగాడు.

“పొద్దున కుడివైపు దొంతిలో పైనున్న రాయి సరిగ్గా వినలా. మేస్త్రికి జెప్పు, లారీకి ఎక్కించబాకమని.”

“లారీ పోయే ఉంటది” అంది మంగమ్మ.

“అవునుగదా” అన్నాడు. “నువ్వు జాగర్త. ఎవురడిగినా సంచి సంగతి నీకు తెలవదు.” తల వంచుకుని లోపలికి దూరాడు. తలుపు మూసుకుంది.

ఎందుకు నిలబడిందో తెలియకుండానే ఆమె అక్కడే నిలబడింది. పొద్దు వాలింది. కాసేపటికి తలుపు మళ్లీ తెరుచుకుంటే, పంపించేశారేమోనని పిచ్చి ఆశతో ముందుకు పరిగెత్తింది. వార్డరు ఒక్కడే వచ్చాడు. పిడికిట్లో ఏదో ఉంది.

“చిన్నకోటయ్య మనిషివి నువ్వేనా అమ్మా? ఇది తీసుకో. లోపల ఒంటి మీద తాళ్లు ఉండనీయం. ఉరేసుకుంటారని రూలు.”

చెయ్యి చాపింది. అరచేతిలో పడినదేమిటో చూసింది. చిన్నకోటయ్య మొలతాడు. బతికున్న మగవాడి నడుము మీంచి మొలతాడు తెంపడం ఆమె ఎన్నడూ చూడలేదు. అత్తింట్లో మామగారికి తెంపారు, పాడె ఎక్కించేముందు.

“తెంపారా?” అంది.

“ముడి రాలేదమ్మా. బ్లేడుతో కోయాల్సొచ్చింది” అన్నాడు వార్డరు, కొంచెం ఇబ్బందిగా. “బయటికొచ్చినాక కొత్తది కట్టుకుంటాడులే.” తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

మంగమ్మ గోడవారన కూర్చుని పిడికిలి విప్పింది. చెమటకు ఇంకా తడిగా ఉన్న నల్లటి తాడు, ముళ్లు తీసుకోవడానికి దానికి గుచ్చుకున్న పాత పిన్నీసు, పేటల మధ్య ఇరుక్కుపోయిన తెల్లటి రాతిదుమ్ము.